జియాలింగ్ మోటారు సైకిలు కథ
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ్టి అజెండాలో రెండో అంశం వైద్య నిధి. మేనేజిమెంటు వారు మనకు వైద్య పథకం మళ్లీ పెడతామంటున్నారు. మనం ఒకేసారి కొంత మొత్తం కట్టాలట. ఆ డబ్బు కంపెనీ ఖాతాలోనే ఉంటుందట. బిల్లులు పంపితే వారు చెల్లిస్తారట. దీని మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను అడిగారు. "చైనాలో ఒక గవర్నమెంటు మోటారు సైకిళ్ల ఫ్యాక్టరీ ఉండేది, దాని గురించి చెబుతానండీ" అన్నాను. ఆయన నా వంక అదోలా చూసి, "సరే, ఇరవై నిమిషాలు దాటకండి" అన్నారు. దాటకుండా చూస్తాను.

నాకీ పిచ్చి ఎలా పట్టుకుందో ముందు చెప్పాలి. 2009లో మా అమ్మాయి, అల్లుడు నైజీరియాలో లాగోస్‌లో ఉండేవారు. నేనూ మా ఆవిడా వెళ్లి మూడు నెలలున్నాం. అక్కడ అప్పట్లో మోటారు సైకిళ్లే ఆటోలు. వెనక మనిషిని ఎక్కించుకుని పోతారు. ఒక్కొక్కసారి ఇద్దరిని కూడా. వాటిని 'ఒకడా' అంటారు. ఒకడా ఎయిర్ అని అక్కడ ఒక విమానాల కంపెనీ ఉండేది, వేగంగా పోతాయని సరదాకి దాని పేరే బండ్లకు పెట్టారు. ముప్పై మూడేళ్లు టూల్ రూమ్‌లో పనిచేసిన వాణ్ణి, ఊరికే కూర్చోలేక వీధి చివర మెకానిక్ షెడ్డుకు వెళ్లి నిలబడేవాణ్ణి. విప్పి పెట్టిన ఇంజన్లలో చాలా వాటి మీద జిన్‌చెంగ్ అని ఉండేది. అది చైనాలో నాన్‌జింగ్ నగరంలోని ప్రభుత్వ విమాన పరిశ్రమకు చెందిన ఫ్యాక్టరీ సరుకు. మన బజాజ్ బాక్సర్ అప్పుడప్పుడే అక్కడికి వస్తోంది. విమానాల పరిశ్రమ వాళ్లకు మోటారు సైకిలుతో పనేమిటని ఆశ్చర్యపోయి, ఇండియా వచ్చాక దొరికినవన్నీ చదవడం మొదలుపెట్టాను. చదవగా చదవగా తేలిందేమిటంటే, చైనా మోటారు సైకిలు పరిశ్రమ చాలావరకు ఆయుధాల ఫ్యాక్టరీల్లో పుట్టింది. వాటిలో పెద్దన్న లాంటిది చోంగ్‌చింగ్ నగరంలోని జియాలింగ్.

చోంగ్‌చింగ్ నైరుతి చైనాలో కొండల మీద కట్టిన ఊరు. జియాలింగ్ అనే నది వచ్చి యాంగ్‌ట్జీ నదిలో కలిసేది అక్కడే. ఫ్యాక్టరీకి పేరు ఆ నది నుంచే వచ్చింది. కంపెనీ తన వంశవృక్షాన్ని 1875లో షాంఘై దగ్గర చక్రవర్తుల కాలంలో పెట్టిన ఆయుధాగారం దాకా చెప్పుకునేది. జపాన్ దండెత్తినప్పుడు చైనా ప్రభుత్వం రాజధానిని చోంగ్‌చింగ్‌కు మార్చింది. తూర్పు తీరంలోని ఆయుధాల ఫ్యాక్టరీలు కూడా యంత్రాలు ఊడదీసుకుని, పడవల్లో ఎక్కించుకుని, నది మీద ఎదురీది ఆ కొండల్లోకి వచ్చాయి. 1938 ప్రాంతం మాట. 1949 తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వం వాటిని తీసుకుంది. జియాలింగ్ మెషిన్ ఫ్యాక్టరీ అని పేరు పెట్టారు. లోపల చేసేది మాత్రం మందుగుండు.

1970ల చివరికి సైన్యం ఆర్డర్లు తగ్గిపోయాయి. డెంగ్ జియావో పింగ్ వచ్చాక ఆయుధాల ఫ్యాక్టరీలు జనానికి పనికొచ్చే వస్తువులు చేసుకుని బతకాలన్నారు. వేల మంది కార్మికులు, మంచి ప్రెస్సులు, లేతులు, హీట్ ట్రీట్‌మెంట్ ఫర్నేసులు ఉన్నాయి. పని లేదు. మన టూల్ రూమ్ మిత్రులకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. తూటా గొట్టం చేయాలంటే ఇత్తడి బిళ్లను ప్రెస్సులో పెట్టి గిన్నెలా లాగాలి, మళ్లీ కాల్చి మెత్తబరచాలి, మళ్లీ లాగాలి. అలా చాలాసార్లు. గోడ మందంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా తుపాకిలో ఇరుక్కుంటుంది. అలాంటి పని చేసిన చేతులకు పిస్టన్ పిన్ను, గేరు పెద్ద కష్టం కాదు. కష్టమల్లా కార్బురేటరు, మాగ్నెటో లాంటి వాటి దగ్గరే.

1979 సెప్టెంబరులో వాళ్లు 50 సి.సి. బండి ఒకటి తయారు చేశారు. సి.జె. 50 అని పేరు. ఆ అక్టోబరు 1న చైనా విప్లవం ముప్పయ్యో వార్షికోత్సవం. అయిదు బండ్లు బీజింగ్ పంపించి టియానన్మెన్ చౌక్‌లో తిప్పి చూపించారు. సైకిళ్ల దేశంలో అదొక వింత. చుట్టుపక్కల మిగతా ఆయుధాల ఫ్యాక్టరీలు కూడా జియాలింగ్ బండికి భాగాలు చేసి ఇవ్వడానికి చేతులు కలిపాయి. 1981లో జపాన్ హోండా వారితో సాంకేతిక ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత వచ్చిన జె.హెచ్. 70 అనే 70 సి.సి. బండి చైనాలో ఇంటింటి పేరైంది. అదే ఊళ్లో జియాన్‌షె అనే మరో తుపాకుల ఫ్యాక్టరీ యమహా వారితో కలిసింది. మనం బజాజ్ చేతక్‌కు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజులు గుర్తు తెచ్చుకోండి. అక్కడా అంతే. బండి ఉన్న పెళ్లికొడుకు విలువే వేరు.

1993లో చైనా మోటారు సైకిళ్ల తయారీలో జపాన్‌ను దాటి ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చింది. 1995లో జియాలింగ్ షేర్లు షాంఘై స్టాక్ ఎక్స్ఛేంజిలోకి వెళ్లాయి. 1997కు దేశం మొత్తం మీద ఏడాదికి కోటి బండ్లు దాటాయి. ఆసియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికాలకు ఎగుమతి. బ్రెజిల్‌లో ట్రాక్స్ అనే పేరుతో కూడా జియాలింగ్ బండ్లు అమ్మారు. ఇదంతా ఘనంగానే ఉంది. నేను మీకు చెప్పదలచుకున్నది మాత్రం బండి గురించి కాదు, బండి చేసినవాళ్ల గురించి.

చైనాలో ప్రభుత్వ ఫ్యాక్టరీ అంటే ఉద్యోగం ఒక్కటే కాదు. క్వార్టరు ఫ్యాక్టరీదే. పిల్లల బడి, ఆసుపత్రి, క్యాంటీను, స్నానాల గది, సినిమా హాలు అన్నీ ఫ్యాక్టరీవే. 'ఇనుప అన్నం గిన్నె' అనేవారు, పగలదు కదా అని. 1978లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం తండ్రి రిటైరైతే ఆ స్థానంలో పిల్లల్లో ఒకరికి ఉద్యోగం ఇచ్చే వీలుండేది. దాన్ని 1986లో తీసేశారు. పింఛను సంగతి వింటే ఇక్కడున్న వారికి అసూయ కలుగుతుంది. 1949 తర్వాత చేరి ఇరవై ఏళ్లు పైబడి పనిచేసిన వారికి జీతంలో 75 శాతం. జపాన్ యుద్ధ కాలంలోనే విప్లవంలో చేరిన వారికి 90 శాతం. మగవారికి 60 ఏళ్లకు, ఆఫీసు ఉద్యోగాల్లోని ఆడవారికి 55కు, కార్మిక స్త్రీలకు 50కే రిటైర్మెంటు. ఈ వయస్సులు 2025 జనవరి నుంచి నెమ్మదిగా పెంచుతున్నారు, అది వేరే సంగతి.

ఇంత మంచి పింఛను ఎవరిస్తారు? ఇక్కడే చిక్కంతా ఉంది. 1951లో చట్టం చేసినప్పుడు ఫ్యాక్టరీలన్నీ కొంత కొంత కట్టి, ట్రేడ్ యూనియన్ల ద్వారా ఉమ్మడి నిధి నడిపేవారు. సాంస్కృతిక విప్లవంలో యూనియన్లు మూతబడ్డాయి. 1969లో ఆర్థిక మంత్రిత్వ శాఖ ఒక్క నోటీసుతో ఆ నిధికి చందాలు ఆపించి, ఏ ఫ్యాక్టరీ రిటైరైనవారికి ఆ ఫ్యాక్టరీయే తన ఖర్చుల్లోంచి ఇచ్చుకోవాలంది. ఆ రోజున ఎవరికీ తేడా తెలియలేదు. ఫ్యాక్టరీ అంటే సర్కారే కదా, సర్కారు ఎక్కడికి పోతుంది అనుకున్నారు. అయ్యా, మనం కూడా అలా అనుకున్నవాళ్లమే.

ఇరవై ఏళ్లు గడిచేసరికి తేడా తెలిసింది. పాత ఫ్యాక్టరీలో పనిచేసేవారితో పోటీగా రిటైరైనవారు పెరిగిపోయారు. వారి పింఛను, వారి మందులు, వారి క్వార్టర్ల మరమ్మతు అన్నీ సరుకు ధరలోంచే రావాలి. సరిగ్గా అప్పుడే పక్క వీధిలో కొత్తవాళ్లు దుకాణం తెరిచారు.

యిన్ మింగ్షాన్ అని ఒకాయన చోంగ్‌చింగ్‌లోనే ఉండేవారు. రాజకీయ కారణాలతో జైలుకు వెళ్లొచ్చిన మనిషి. తర్వాత పుస్తకాల వ్యాపారం చేశారు. 54 ఏళ్ల వయస్సులో, అంటే మనవాళ్లు రిటైర్మెంటు లెక్కలు వేసుకునే వయస్సులో, 1992లో తొమ్మిది మందితో చిన్న షెడ్డు పెట్టారు. జియాన్‌షె ఫ్యాక్టరీ ఇంజన్ భాగాలు విడివిడిగా రిపేరు సామానుగా దొరుకుతున్నాయని కనిపెట్టారు. అన్ని భాగాలూ కొని, బిగించి, పూర్తి ఇంజనుగా అమ్మితే మంచి లాభం మిగిలింది. అదే తర్వాత లిఫాన్ కంపెనీ. బండ్లు రిపేరు చేసుకునే జువో జోంగ్‌షెన్ అనే ఆయన జోంగ్‌షెన్ కంపెనీ పెట్టారు. లోన్సిన్ మూడోది. పెద్ద ఫ్యాక్టరీలకు భాగాలు చేసి ఇచ్చే చిన్న వర్క్‌షాపులు ఊరి నిండా ఉన్నాయి కాబట్టి, వీళ్లకూ అవే భాగాలు దొరికాయి.

ఈ కథ చెప్పినప్పుడల్లా కుర్రవాళ్లు, "చూశారా, ప్రైవేటు వాడి చురుకుదనం!" అంటారు. ఉంది, కాదనను. కానీ ఆ తొమ్మిది మంది షెడ్డులో పింఛనుదారు ఒక్కడూ లేడు. ఆసుపత్రి లేదు, బడి లేదు, క్వార్టర్లు లేవు. ఒకాయన ముసలి తల్లిదండ్రుల్నీ ఎనిమిది మంది పిల్లల్నీ భుజాన మోస్తూ పరిగెత్తుతున్నాడు. ఇంకొకాయన చేతులూపుకుంటూ పరిగెత్తుతున్నాడు. రెండోవాడు గెలిస్తే వాడి కాళ్లు గొప్పవనడం నాకు సబబుగా తోచదు.

తర్వాత కథ త్వరగా చెబుతాను. చోంగ్‌చింగ్ కంపెనీలు ఒకరి ధర ఒకరు కోసుకుంటూ 2000 ప్రాంతంలో వియత్నాం మీద పడ్డాయి. అక్కడ హోండా బండి రెండు వేల డాలర్ల దాకా ఉంటే, వీళ్లు దాంట్లో మూడో వంతుకే అమ్మారు. రెండేళ్లలో బజారంతా చైనా బండ్లే. ధర తగ్గించడానికి ఉక్కు తగ్గించారు, వెల్డింగు తగ్గించారు. బండ్లు త్వరగా పాడై, పేరు పాడైంది. 2002లో హోండా వారు తమ ధర బాగా తగ్గించి, చైనాలో చేసిన భాగాలే కొన్ని వాడి వేవ్ ఆల్ఫా అనే బండి దించారు. జనం మళ్లీ హోండా వైపు తిరిగారు. నైజీరియాలో కూడా తర్వాతి సంవత్సరాల్లో మన బాక్సర్ చైనా బండ్లను వెనక్కి నెట్టింది. ఆ మాట వింటే నాకు కొంచెం సంతోషమే, దాచడమెందుకు?

స్వదేశంలోనూ దెబ్బ తగిలింది. పెద్ద నగరాలు ఒక్కొక్కటే మోటారు సైకిళ్లను నిషేధించాయి. గ్వాంగ్‌జౌలో 2007 జనవరి 1 నుంచి పూర్తిగా ఆపేశారు. పల్లెల్లో అమ్ముడుపోవాలని 2009 నుంచి నాలుగేళ్లు ప్రభుత్వం ధరలో 13 శాతం సబ్సిడీ ఇచ్చింది. పల్లెవాళ్లు ఆ తర్వాత బ్యాటరీ బండ్లకూ కార్లకూ మళ్లారు. జియాలింగ్‌కు నష్టాల మీద నష్టాలు. చివరికి 2019లో షేర్ మార్కెట్‌లో ఉన్న కంపెనీని ఇంకో ప్రభుత్వ సంస్థకు అప్పగించి పేరు కూడా మార్చేశారు. అప్పుడు ఆ కంపెనీ పని సైన్యానికీ అంతరిక్షానికీ బ్యాటరీలు చేయడం అయింది. మోటారు సైకిలు దాని పుస్తకాల్లోంచి పోయింది. గెలిచిన లిఫాన్ మాత్రం బాగుందా అంటే, 2020లో అదీ అప్పులు తీర్చలేక కోర్టు మెట్లెక్కింది.

మరి ఇనుప గిన్నె నమ్ముకున్న ముసలివాళ్లు ఏమయ్యారు? అన్నిచోట్లా ఒకేలా జరగలేదు. 1990ల చివర చైనా ప్రభుత్వ ఫ్యాక్టరీల్లోంచి రెండు కోట్ల మందికి పైగా ఇంటికి పంపారు. 2002 మార్చిలో ఈశాన్యంలోని లియావోయాంగ్ అనే ఊళ్లో, దివాలా తీసిన ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీ కార్మికులు రావలసిన జీతాలూ పింఛన్ల కోసం వీధికెక్కారు. వేల మంది. వారిలో మన వయస్సు వాళ్లు ఎందరో. అక్కడ ఫ్యాక్టరీ చేతిలోని డబ్బు ఫ్యాక్టరీతోనే మునిగింది. నాయకులిద్దరికి జైలుశిక్ష వేశారు.

దానికి ముందే, 1997లో, ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకుంది. పింఛనును ఫ్యాక్టరీ చేతిలోంచి తీసి ఉమ్మడి నిధిలో పెట్టాలని. యజమాని జీతాల మొత్తంలో 20 శాతం దాకా, కార్మికుడు మొదట 4 శాతంతో మొదలుపెట్టి క్రమంగా 8 శాతం దాకా కట్టాలి. యజమాని వాటాను 2019లో 16 శాతానికి తగ్గించారు. పింఛను పాత రోజుల్లోలా 75 శాతం అని ఎవరూ హామీ ఇవ్వలేదు. తగ్గిందని గొణిగినవారున్నారు, న్యాయమే. అమలు కూడా ఒక్క రోజులో కాలేదు, లియావోయాంగ్ అందుకే జరిగింది. కానీ నిధి నిలదొక్కుకున్న చోట ఫ్యాక్టరీ మూతపడినా, పేరు మారినా, బ్యాటరీలు చేసుకున్నా, పింఛనుకు దానితో నిమిత్తం లేదు. 2019లో ఇంకో అడుగు వేశారు. రిటైరైనవారి రికార్డులు, వారి బాగోగులు ఫ్యాక్టరీల నుంచి వార్డు ఆఫీసులకు అప్పగించమన్నారు. 2020 చివరికి ఆ పని దాదాపు అయింది. యాభై ఏళ్లు ఫ్యాక్టరీ పేరు చెప్పుకున్న మనిషి ఇప్పుడు వార్డు ఆఫీసులో గుమాస్తా ముందు నిలబడాలి. అది వారికి ఎలా ఉంటుందో నేను ఊహించగలను. మన మెయిన్ గేటు సెక్యూరిటీ కుర్రవాడు, "మీరెవరండీ?" అని అడిగిన రోజు నాకు గుర్తుంది.

ఇక మన సంగతి. 1995 నవంబరులో మన దేశంలో ఉద్యోగుల పింఛను పథకం వచ్చినప్పుడు మనలో చాలామంది తిట్టుకున్నాం. నేనూ తిట్టాను. ఇచ్చేది తక్కువ, అది ఇప్పటికీ నా ఫిర్యాదే. 2014లో కనీస పింఛను వెయ్యి రూపాయలు చేశారంటే అంతకు ముందు ఎంత వచ్చేదో చూడండి. మా అన్నయ్య ఇంకో ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేశాడు. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ప్రావిడెంట్ ఫండ్ ఆఫీసు నుంచి చిన్న పింఛను ఏ నెలా తప్పలేదు. అదే ఫ్యాక్టరీ, రిటైరైనవారి వైద్యానికని ఒక్కొక్కరి దగ్గరా డబ్బు కట్టించుకుని, ఫోటో అంటించి కార్డు ఇచ్చింది. డబ్బు కంపెనీ ఖాతాలో ఉంది. తాళం పడ్డాక బ్యాంకులూ సరుకు సరఫరాదార్లూ ముందు వరసలో నిలబడ్డారు. అన్నయ్యకు రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. బిల్లులు రిజిస్టర్డ్ పోస్టులో పంపాడు. కవరు తిరిగి వచ్చింది, 'తీసుకునేవారు లేరు' అని రాసి. ఆ కార్డు వదిన ఇప్పటికీ బీరువాలో దాచుకుంది. మొన్న అడిగితే ఇచ్చింది, ఇదిగో, ఇక్కడ ఉంది. కావలసినవారు చూడవచ్చు.

అందువల్ల రెండో అంశం మీద నా సవరణ ఇది. వైద్య పథకానికి నేను వ్యతిరేకం కాదు, కావాలి. ఆ డబ్బు కంపెనీ ఖాతాలో ఉండకూడదు. వేరే ట్రస్టు పేర ఉండాలి. ట్రస్టు సభ్యుల్లో సగం మంది మన సంఘం నుంచి ఉండాలి. ఏటా ఆడిట్ లెక్క మన పత్రికలో అచ్చు వేయాలి. మేనేజిమెంటు వారు దీనికి ఒప్పుకోకపోతే, ఆలస్యమైనా సరే, అప్పటిదాకా ఎవరూ చెక్కు రాయవద్దని కోరుతున్నాను. ఇప్పుడున్న మేనేజిమెంటు మంచిది కాదని నేననడం లేదు. జియాలింగ్ మేనేజరు కూడా 1985లో మంచివాడే అయి ఉంటాడు.

సవరణ కాగితం కార్యదర్శి గారి దగ్గర ఉంది. బలపరిచేవారు భోజనాల ముందే సంతకం పెట్టండి. వితంతు పింఛనుదారులైన అమ్మలకు కూడా ఓటు ఉందని కొందరికి తెలియదు, ఉందమ్మా, తప్పక వేయండి. నా ఇరవై నిమిషాలూ అయిపోయాయని కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు.